ఛత్తాబజార్ కలం నుంచి ఫోన్ పాఠం దాకా

హైదరాబాద్ మదీనా చౌరస్తా నుంచి పురానీ హవేలీ వైపు వెళ్తే ఛత్తాబజార్ వస్తుంది. ఇవాళ అక్కడ ఎటు చూసినా పెళ్లికార్డుల దుకాణాలే. ఒకప్పుడు అది కాతిబుల, అంటే చేతిరాత నిపుణుల, వీధి. పుస్తకమైనా పోస్టరైనా ఉర్దూలో అచ్చు కావాలంటే ముందు ఒక మనిషి కూర్చుని పేజీ మొత్తం చేత్తో రాయాల్సిందే. ఫోన్లో చదువుకునే ఉర్దూ పాఠాలు తయారుచేయడం నా పని. అందులో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఆ రాతతోనే ముడిపడి ఉన్నాయి.

తెలుగుకు సీసపు అచ్చులు సరిపోయాయి. ఉర్దూ రాసే నస్తాలిక్ రాతకు సరిపోలేదు. అందులో అక్షరాలు ఒకే గీత మీద నిలబడవు. మాట కుడివైపు పైనుంచి ఎడమకు కిందికి జారుతుంది. పక్కన ఏ అక్షరం వస్తుందో దాన్నిబట్టి ముందున్నది తన రూపమూ ఎత్తూ మార్చుకుంటుంది. అందుకని లితో రాయిని ఆశ్రయించారు. పూత పూసిన కాగితం మీద కాతిబు జిడ్డుసిరాతో రాస్తే, ఆ రాత రాతిపలక మీదికి దిగేది. పలక మీద తప్పు దిద్దాలంటే అక్షరాన్ని తిరగేసి రాయాలి. ఎంత అభ్యాసం ఉంటే చెయ్యి అలా తిరుగుతుంది! ఆఫ్‌సెట్ వచ్చాక రాయి పోయి బటర్ పేపరు వచ్చింది, రాత మాత్రం కాతిబుదే. 1949లో మొదలైన ‘సియాసత్’ దినపత్రిక కూడా చాలా ఏళ్లు అలాగే వెలువడింది.

మార్పు కరాచీలో మొదలైంది. మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20 వేల అక్షరాల కూర్పులను మోనోటైప్ సంస్థతో కలిసి కంప్యూటరుకెక్కించారు. 1981లో ‘జంగ్’ పత్రిక ఆ ‘నూరీ నస్తాలిక్’లో వచ్చింది. 1994లో ఢిల్లీ సంస్థ ఒకటి ఉర్దూ పేజీలు కూర్చే ‘ఇన్‌పేజ్’ సాఫ్ట్‌వేరు తెచ్చింది. దాంతో కాతిబుల పని పడిపోయింది. కొందరు కీబోర్డు నేర్చుకున్నారు, కొందరు శుభలేఖల మీద పేర్లు రాస్తూ నెట్టుకొచ్చారు. వాళ్ల విద్యకు దక్కాల్సిన గౌరవం ఈ నగరంలో దక్కలేదు.

ఇన్‌పేజ్ పుట్టింది అచ్చు కోసం. పాత ఫైళ్లలో అక్షరాలకు దాని సొంత సంకేతాలే ఉంటాయి, అన్ని ఫోన్లూ చదవగల యూనికోడ్ ఉండదు. అందుకని పేజీని బొమ్మగా మార్చి పీడీఎఫ్ పంపేవారు. ఆ పేజీని పిల్ల తన ఫోన్లో వేళ్లతో పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. మాట నొక్కితే అర్థం రాదు, వెతికితే దొరకదు. కుడి నుంచి ఎడమకు పేజీలు తిరిగే ఏర్పాటు, గొంతు చదువుతుంటే ఆ మాటే వెలిగే ఏర్పాటు 2011లో వచ్చిన ఈపబ్ 3 ఈ-పుస్తక ప్రమాణంలో ఉన్నాయి. కానీ వాటికి అక్షరం కావాలి, అక్షరం బొమ్మ కాదు. ఆ అక్షరాన్ని నస్తాలిక్‌లో చూపే గూగుల్ ‘నోటో నస్తాలిక్’ ఫాంటు 2014లో గానీ రాలేదు.

మా నాన్న తెలుగింట పుట్టి ఉర్దూ మీడియంలో చదివారు. ఆ తరంలో ఇక్కడ అది మామూలే. ఉర్దూ బోధనా భాషగా 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం, అంతకు ఏడాది ముందే పెట్టిన అనువాద శాఖ సైన్సు నుంచి చరిత్ర దాకా పాఠ్యపుస్తకాలు తయారుచేసింది. వాటిలో కొన్ని ఇప్పుడు స్కాన్లుగా దొరుకుతాయి. స్కాన్ పుస్తకాన్ని కాపాడుతుంది, కానీ ఫోన్లో పాఠం చెప్పలేదు. ఎవరో ఒకరు మళ్లీ టైపు చేసి, సరిచూసి, గొంతు జతచేస్తేనే అది పాఠం అవుతుంది.

పాతబస్తీ డీటీపీ సెంటర్ల వాళ్లకు ఒక విన్నపం. మీ పాత డిస్కుల్లో పాఠాలు, కథలు, వాచకాలు ఇన్‌పేజ్‌లో ఉంటే, డిస్కు పాడవకముందే యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక హంజాలు, జేర్, జబర్ అనే స్వర గుర్తులు, అంకెలు ఒకసారి కంటితో సరిచూడండి. రాసినవాళ్ల అనుమతి తీసుకుని, ఒక ప్రతి మీ బస్తీ బడి టీచరుకు ఇవ్వండి.