తుఫాను ఖబరు, మన ఎతబారు

గోదావరి డెల్టాలో చదువురాని ముసలమ్మ కూడా రోజూ రెండు అరబ్బీ మాటలు వాడుతుంది. ఒకటి తుఫాను. రెండోది మౌసమ్. ఈ మౌసమ్ అనే మాటే ఓడల మీద తిరిగి తిరిగి, పోర్చుగీసుల నోట్లో నలిగి, చివరికి ఇంగ్లీషువాళ్ళ మాన్సూన్ అయ్యింది. తుఫాను మాత్రం ఖురాన్‌లో నూహ్ అలైహిస్సలామ్ కిస్సాలో ఉన్న మాటే. తెలుగువాళ్ళు దాన్ని దాదాపు అలాగే ఉంచుకున్నారు.

ఆ కిస్సా మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. నూహ్ తన కౌముకి ఏళ్ళ తరబడి ఖబరు ఇచ్చారు. నీళ్ళు లేని చోట ఓడ కడుతుంటే దారిన పోయేవాళ్ళంతా నవ్వారు. చివరికి నీళ్ళు ఎగిసొచ్చినప్పుడు కన్నకొడుకు కూడా ఓడ ఎక్కలేదు. కొండెక్కి బతుకుతానన్నాడు. ఖబరు అందక మునిగిపోయినవాళ్ళు కాదు వాళ్ళు. ఖబరు అందింది, దాని మీద ఎతబారు కుదరలేదు. మన డెల్టా తారీఖులో కూడా ఈ ముచ్చట చాలాసార్లు నడిచింది. ఇప్పుడు వాతావరణ మార్పు మీద, సైంటిస్టుల మీద మన బజార్లలో, వాట్సాప్‌లో నడుస్తున్న బహసు అర్థం కావాలంటే ఆ తారీఖు కొంచెం తిరగేయాలి.

ముందు మన మస్జిద్ మెట్ల మీద వినిపించే సవాలు ఒకటి చూద్దాం. "వాన ఎప్పుడు కురుస్తుందో అల్లాహ్‌కే తెలుసు. ఇల్మె గైబ్ ఆయన దగ్గరే ఉంది. ఈ సైంటిస్టులెవరు చెప్పడానికి?" ఈ మాట అనేవాళ్ళ ఈమాన్ మీద నాకు షక్ లేదు. కానీ గైబ్ వేరు, నిషానీలు చదవడం వేరు. నాడి చూసి జ్వరమొస్తుందని చెప్పే హకీమ్ గైబ్ చెప్పినట్టు కాదు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ ముద్దుల కొడుకు ఇబ్రాహీమ్ పోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూరీడు మసకబారాడని జనం అనుకున్నారు. అంతటి దుఃఖంలోనూ ఆయన ఆ మాటని సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ నిషానీలనీ, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదనీ చెప్పారు. గోల్కొండ జమానాలో మచిలీపట్నం బందరు నుంచి ఎర్రసముద్రం వైపు ఓడలు పోయేవి, హాజీలు కూడా వెళ్ళేవారు. మౌసమ్ లెక్క చూసుకునే ఆ నాఖుదాలు తెరచాప ఎత్తేవారు. వాళ్ళ తవక్కుల్‌కి ఆ లెక్క అడ్డు రాలేదు.

ఇక తుఫాన్ల తారీఖు. 1839 నవంబరులో కాకినాడ పక్కనున్న కోరంగిని సముద్రం ముంచెత్తింది. అప్పటిదాకా కళకళలాడిన ఓడరేవు మళ్ళీ కోలుకోలేదు. ఆ రోజుల్లోనే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ ఓడల డైరీలు పోగేసి తుఫాను గాలి ఎటు తిరుగుతుందో లెక్క కడుతున్నాడు. చుట్ట చుట్టుకున్న పాములా తిరుగుతుందని 1848లో దానికి సైక్లోన్ అని పేరు పెట్టింది ఆయనే. 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఒక ఖత్ రాశాడు. కలకత్తాకి కింద మాత్లా నది ఒడ్డున మీరు కట్టబోయే రేవుని ఏదో ఒకరోజు తుఫాను కెరటం మింగేస్తుందని దాని సారాంశం. హుకూమత్ వినలేదు. రేవు కట్టారు, దానికి కానింగ్ అని లాటు దొర పేరు పెట్టారు. 1867లో తుఫాను వచ్చి దాన్ని నాశనం చేసింది. అప్పటికి పిడింగ్టన్ చనిపోయి తొమ్మిదేళ్ళు.

అంతకు మూడేళ్ళ ముందు, 1864 నవంబరు 1న, మన మచిలీపట్నం మునిగింది. ఒక్క రాత్రిలో దాదాపు 30 వేల మంది పోయారు. దానికి దాదాపు నెల ముందు కలకత్తా మునిగింది. ఈ రెండు దెబ్బల తర్వాతే 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికల ఇంతెజామ్ మొదలయ్యింది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. టీవీలో మనం చూసే తుఫాను బులెటిన్ వెనుక బందరు మయ్యత్‌లు ఉన్నాయి.

సైంటిస్టులు ఎప్పుడూ తప్పు చెప్పలేదా అంటే, చెప్పారు. 1899లో వాతావరణ శాఖ అధిపతి జాన్ ఎలియట్ వానలు బాగా పడతాయన్నాడు. ఆ ఏడు కరువొచ్చింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. హుకూమత్ ఏం చేసిందంటే, తర్వాత కొన్నేళ్ళు ఆ అంచనాలని జనానికి చెప్పకుండా దాచిపెట్టింది. తప్పు జరిగినందుకంటే దాచినందుకే ఎతబారు ఎక్కువ చెడుతుంది. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే లెక్కల పండితుడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. దునియా నలుమూలల నుంచి గాలి ఒత్తిడి, వాన లెక్కలు తెప్పించి, ఇరవై ఏళ్ళు గుమాస్తాల చేత గుణింపించాడు. పసిఫిక్ సముద్రం మీద ఒకపక్క ఒత్తిడి పెరిగితే ఇంకోపక్క తగ్గుతుందనీ, మన వానలకి దానితో లంకె ఉందనీ తేల్చాడు. ఈనాడు మన రైతు నోట్లో ఎల్‌నినో అన్న మాట ఆడుతోందంటే దాని వెనక ఆ లెక్కలున్నాయి. 1899 తప్పుని కప్పెట్టి కూర్చుంటే ఇది దొరికేది కాదు.

1977 నవంబరు 19. దివిసీమ. రేడియోలో హెచ్చరికలు వచ్చాయి. కానీ ఎన్ని ఇళ్ళల్లో రేడియో ఉంది? విన్నవాళ్ళలో ఎంతమందికి వెళ్ళడానికి చోటుంది? గాలీవానే కదా, తెల్లారితే పోతుందనుకున్నవాళ్ళు ఎంతమంది? సుమారు అయిదు మీటర్ల కెరటం ఊళ్ళ మీదకి వచ్చింది. సర్కారు లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. అసలు లెక్క ఇంకా పెద్దదని ఆ పక్క జనం ఇప్పటికీ అంటారు. ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికల పద్ధతి మార్చారు. 1990 మేలో దాదాపు అదే తీరానికి భీకరమైన తుఫాను మళ్ళీ వచ్చింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. చావులు వెయ్యి లోపు. వెయ్యి ఇళ్ళల్లో ఏడుపు చిన్న సంగతి కాదు, కానీ ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎన్ని ప్రాణాలో చూడండి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ. తుఫాను తీరం దగ్గర్లోనే వేగంగా బలపడింది. వేటకి పోయిన మత్స్యకారులు సముద్రం మీదే ఉండిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళల్లో ఎందరో ఆడవాళ్ళు ఆ రాత్రే బేవా అయ్యారు. కోనసీమ కొబ్బరితోటలు పడుకున్నాయి. వెయ్యి మందికి పైగా పోయారు. ఖబరు పుట్టినంత మాత్రాన చాలదు, ఆఖరి పడవ దాకా చేరాలని ఆ రాత్రి చెప్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు, అది ఎక్కడికి వస్తుందో వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. ఊరు చిందరవందర అయ్యింది. మన రాష్ట్రంలో పోయినవాళ్ళు మాత్రం వంద లోపే. ఆ తుఫాను పేరు కూడా సులైమాన్ అలైహిస్సలామ్‌కి ఖబరు మోసుకొచ్చిన పిట్ట పేరే.

ఈ ఖబర్లు ఎక్కడో దిల్లీలోనో అమెరికాలోనో తయారై మన మీద పడుతున్నాయని అనుకునేవాళ్ళు ఒకసారి తణుకు వైపు చూడాలి. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్ర ప్రసాద్ మొదలుపెట్టిన ఆంధ్రా షుగర్స్ అంటే మనకి చెరుకు, పంచదార గుర్తొస్తాయి. ఇస్రో రాకెట్ల ద్రవ ఇంధనానికి కావలసిన యు.డి.ఎం.హెచ్. అనే రసాయనం కూడా ఆ కంపెనీ తణుకులో తయారుచేస్తుంది. పీఎస్‌ఎల్‌వీ, జీఎస్‌ఎల్‌వీ రాకెట్ల కొన్ని దశల్లో మండేది ఆ జాతి ఇంధనమే. 2002లో కల్పన-1 అనే వాతావరణ ఉపగ్రహం వెళ్ళింది పీఎస్‌ఎల్‌వీ మీద. 2016లో ఇన్‌శాట్-3డీఆర్ వెళ్ళింది జీఎస్‌ఎల్‌వీ మీద. బంగాళాఖాతం మీద సుడి తిరిగే ఆ తెల్లమబ్బు ఫొటో మన ఫోన్లోకి వచ్చే దారిలో గోస్తనీ ఒడ్డున ఉన్న తణుకు కూడా ఉంది. ఆ ఇంధనంలో రవ్వంత తేడా ఉంటే రాకెట్ లేవదు, కాబట్టి అక్కడ పనిచేసే మనిషి కొలతని ఒకటికి పదిసార్లు చూసుకుంటాడు. సైన్స్ అంటే చాలామట్టుకు ఆ చూసుకోవడమే.

మన బుజుర్గులకి ఈ పద్ధతి కొత్తది కాదు. ఎవరైనా ఖబరు తెస్తే తహ్‌కీక్ చేసుకోమని ఖురాన్ హుకుం. ముహద్దిస్‌లు ఒక్కో హదీస్ వెనక సనద్ అడిగారు: ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు, వాళ్ళిద్దరూ ఒకే కాలంలో ఉన్నారా, ఆ రావీ జ్ఞాపకం గట్టిదా, అబద్ధం ఆడిన చరిత్ర ఉందా. సనద్‌లో లోపం ఉంటే జయీఫ్ అన్నారు, అల్లిన మాటైతే మౌజూ అని పక్కన పడేశారు. షక్ వాళ్ళకి పనిముట్టు. కానీ కొన్ని మౌజూ మాటలు దొరికాయని మొత్తం హదీస్ ఇల్మ్‌నే కాదనలేదు. జల్లెడ పట్టారు.

వాతావరణ మార్పు మీద బహసుని ఈ జల్లెడలో వేద్దాం. షక్ పడేవాళ్ళ చేతిలో ఒక నిజమైన సబూత్ ఉంది. 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం, అంటే ఐపీసీసీ, తన నివేదికలో హిమాలయాల మంచు 2035కల్లా కరిగిపోవచ్చని రాసింది. అది తప్పు. 2009లో మన దేశ భూగర్భ శాస్త్రవేత్త వి.కె. రైనా నివేదిక హిమానీనదాల మీద వేరే మాట చెబితే, ఆ సంఘం అధ్యక్షుడు రాజేంద్ర పచౌరి దాన్ని చేతబడి సైన్సని వెక్కిరించారు. 2010 జనవరిలో సంఘమే తప్పు ఒప్పుకుంది. ఆ గురూర్ సైన్స్ ఎతబారుకి చాలా నష్టం చేసింది, దాన్ని వెనకేసుకురావలసిన పని లేదు. కానీ తప్పు ఎవరు పట్టుకున్నారు? మంచుకొండల మీద పనిచేసే సైంటిస్టులే. సంఖ్య తప్పింది, అంతేగాని మంచు కరగడం ఆగలేదు.

ఇంకో రకం షక్ ఉంది. దివిసీమ మునిగిన ఆ 1977లోనే, జులైలో, అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌లో పనిచేసే జేమ్స్ బ్లాక్ అనే సైంటిస్టు, చమురు బొగ్గు మంటల పొగతో భూమి వేడెక్కబోతోందని తన పెద్దలకే చెప్పాడు. ఆ కంపెనీ సైంటిస్టులు ఆ రోజుల్లో వేసిన అంచనాలు చాలామట్టుకు సరిగ్గా వచ్చాయని 2023లో ఒక పరిశోధన తేల్చింది. లోపల ఆ ఖబరు పెట్టుకుని ఆ కంపెనీ బయట జనానికి ఏళ్ళ తరబడి ఇంకా ఏమీ తేలలేదని చెప్పింది. రైనా షక్ తహ్‌కీక్ నుంచి పుట్టింది. ఈ షక్ తిజారత్ కోసం పుట్టింది. వాట్సాప్‌లో వచ్చే వీడియో ఏ రకం షక్ మోసుకొస్తోందో తెలియాలంటే దాని సనద్ అడగాలి.

మన గడప దగ్గరి లెక్క కూడా ఒకటుంది. ఆంధ్రా విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, కె. నాగేశ్వరరావు ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూస్తే, 1976 నుంచి 2001 దాకా గోదావరి డెల్టా అంచున నికరంగా 18 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిందని తేలింది. గమనించండి, వాళ్ళు అంతా భూతాపం వల్లే అని చేతులు దులుపుకోలేదు. ఎగువన డ్యాములు కట్టడంతో గోదావరి మోసుకొచ్చే ఒండ్రు బాగా తగ్గిపోయిందనీ, నేల నిలవకపోవడానికి పెద్ద కారణం అదేననీ చెప్పారు. ఎగువనుంచి ఒండ్రు రావడం తగ్గింది, పైగా సముద్రమట్టం పెరుగుతోంది. రెండూ కలిస్తే డెల్టా గతి ఏమిటన్నది అసలు సవాలు. తమకి అనువైన ఒకే కారణం చెప్పకుండా, ఉన్న కారణాలని విడివిడిగా తూచి చెప్పేవాళ్ళ గవాహి మీద ఎతబారు పెట్టడం తెలివైన పని.

ఒంటెని వదిలేసి తవక్కుల్ చేయనా, కట్టేసి చేయనా అని ఒక సహాబీ అడిగితే, కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమని రసూల్ చెప్పారు. ఈ నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం అని బులెటిన్ వస్తుంది. వాతావరణ శాఖ వానంటే గొడుగు ఇంట్లో పెట్టెయ్యొచ్చనే పాత జోకు కూడా దానితోపాటే వస్తుంది. నవ్వుకోండి, తప్పు లేదు. నవ్వాక నిత్యావసరాలు, మందులు, కాగితాలు ఒక సంచిలో సర్దండి. తీరం పక్క ఊళ్ళల్లో మన రిష్తేదారులు ఉంటే ఫోన్ చేసి బయల్దేరమనండి. జుమా రోజున ఇమామ్ సాబుని అడిగి, దువా తర్వాత ఆ బులెటిన్ కూడా మైకులో చదివించండి.