కదలని సైకిలు

1978 ఫిబ్రవరి 18న హవాయి దీవులలోని ఒవాహుయందు పదునేనుగురు సాహసికులు ప్రప్రథమ ఐరన్‌మ్యాన్ పోటీకి దిగినపుడు, ఈతకును మారథాను పరుగునకును నడుమ 112 మైళ్ల సైకిలు స్వారి నిర్ణయింపబడెను. అంతటి దూరమునకు ఆరుబయటి రహదారియే సహజమైన గురువు. అయినను గదిలో త్రొక్కుట నిన్నమొన్నటి విద్య కాదు: 1912లో మునిగిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలోనే, దూరము చూపు ముల్లుతో సహా, కదలని సైకిళ్లుండెను. కెనడా క్రీడాకారుడు లయొనెల్ శాండర్స్ నాలుగు గోడల నడుమనే అధికముగా శ్రమించి 2017లో హవాయిలోని కోనాయందు జరిగిన ఐరన్‌మ్యాన్ పోటీలో ద్వితీయుడయ్యెను. గదిలో పల్లము లేదు, కాళ్లకు విరామమును లేదు. హేండిలుపై చెమట బొట్లుబొట్లుగా రాలుచుండ, గంటల తరబడి ఒకే బలముతో త్రొక్కవలసినదే. ఈ క్రమశిక్షణ అమూల్యమే. కాని కోనా పోటీ సాగు హావి దారిలో పార్శ్వమునుండి కొట్టు గాలికి చక్రము తొణికినపుడు చేతులకు కావలసిన నేర్పును, నా మతమున, గదిలోని పంకా ఒసగజాలదు.