పోగుకొక్క పేరు

జర దగ్గరికి రాండ్రి. ఈ మొద్దు అంటుకుంటే ఇగ తెల్లారేదాక కాగొచ్చు. సంక్రాంతి ముంగట చలి ఎప్పుడూ గిట్లనే ఉంటది, ఎముకలల్ల దూరుతది. చిన్నోడా, నువ్వా ఫోను పక్కకు పెట్టు. పొద్దటి నుంచి చూస్తున్న, చెవులల్ల ఏదో పెట్టుకొని కండ్లు మూసుకొని కూసుంటున్నవు. ఏందిరా అంటే ధ్యానం అన్నవు. మనసు నిలుస్తలేదు బాపమ్మా అన్నవు. హైదరాబాదుల నౌకరి బాగనే ఉన్నది, జీతం బాగనే ఉన్నది, గని పొద్దుగాల ఎందుకు లేస్తున్ననో తెలుస్తలేదన్నవు. ఆ మాట పగటి నుంచి నా గుండెల ముల్లు లెక్క ఉన్నది. నేను చదువుకున్నదాన్ని గాదు, నీకు శాస్త్రం చెప్పలేను. మా అత్తమ్మ కాడ చూసింది ఒక్కటున్నది. అది చెప్త ఇను.

నేను పోచంపల్లికి కాపురానికి వచ్చిననాడు నాకు 15 ఏండ్లు. నా పుట్టిల్లు కొయ్యలగూడెం. ఆడ గూడ నేతే. గని మా అమ్మ నన్ను ఆసు మీద కూసోవెట్టలే. "అత్తగారింట్ల ఎట్లనో తప్పదు, ఈ నాలుగొద్దులన్న దాని చేతులను బతకనియ్యుండ్రి" అనేది మా నాయినతోని. అప్పుడు నాకు ఆ మాట సమజ్ కాలే.

ఆసు మీరు చూసిన్రు గద, మన అటుక మీద పడి ఉన్నది. సగం చందమామ తీరుగ వంగిన కట్టె, దాని మీద వరుసగ మేకులు, ఎదురుంగ ఒక్క మేకు. ఆ ఒక్క మేకు కాడి నుంచి పోగు తీస్కపోయి అవుతలి మేకుకు ఏసి మళ్ళ ఎనుకకు తేవాలె. మళ్ళ దాని పక్క మేకు. మళ్ళ ఎనుకకు. గట్ల ఒక్క చీరెకు 9 వేల సార్లు చెయ్యి పోవాలె, రావాలె. 4, 5 గంటలు పడ్తది. రెండు చీరెలకు పోసిననాడు 18 వేలు. గట్ల పోసిన పోగుల మీదనే గీతలు గీస్తరు, ముడులు కడ్తరు, రంగుల ముంచుతరు. అదే చిటికి. దాన్ని కండెలకు చుట్టి మీ తాత మగ్గం మీద నేస్తే చిలుకలు, ఏనుగులు, పూలు లేస్తయి. ఒక్క పోగు తప్పు మేకుకు పడ్డదా, చిలుక ముక్కు చెదురుతది.

కొత్తల నా రెక్క ఊడి చేతుల పడుతుందా అన్నట్టు ఉండేది. రాత్రి అన్నం కలుపుకుంటే ముద్ద నోటికాడికి రాకపోయేది, కుడి మోచేతి కింద ఎడమ చెయ్యి పెట్టి లేపుకునేది. ఎవ్వలకు చెప్పాలె? ఈ వాడల ఏ ఇంటికి పోయినా ఆడిదాని కత గదే.

మా అత్తమ్మ నాకు ఎదురుంగ ఇంకో ఆసు ఏసుకొని కూసునేది. సన్నగ, పొట్టిగ, ఎప్పుడూ అదే నీలం చీరె. మాట తక్కువ. ఆమె పెదవులు ఎప్పుడూ కదులుతుండేటివి. నాలుగు దినాలు చూసి అడిగిన.

"ఏంది అత్తమ్మా, గొణుగుతున్నవు?"

"లెక్క పెడ్తున్న."

"ఎంతయింది?"

"ఒకటి."

నాకు నవ్వొచ్చింది. పొద్దుగాల నుంచి పోస్తుంటే ఒకటేంది? జరసేపు ఆగి మళ్ళ అడిగిన, ఇప్పుడెంతయింది అని. "ఒకటే" అన్నది. అండ్ల ఎగతాళి లేదు. ముసలామెకు మతి తప్పుతుందేమో అనుకున్న నేను. రాత్రి మీ తాతకు గూడ చెప్పిన. ఆయన ఏమనలే, "అమ్మ గట్లనే అంటది" అన్నడు.

ఆ ఏడు కోతలైనంక కూనపులోళ్లు వచ్చిన్రు. వాళ్లు మన పద్మశాలోళ్ల కాడికే వస్తరు, మన కతే చెప్తరు. చేర్యాల నకాశీలు రాసిన పటం తెచ్చి, గుంజలకు కట్టి, ఒక్కొక్క బొమ్మ విప్పుకుంట రాత్రంత మార్కండేయ పురాణం చెప్పేటోళ్లు. ఎర్రటి రంగు మీద ఆ బొమ్మలు దీపం ఎలుగుల కదిలినట్టు కనపడేటివి. మీకు సినిమా ఎట్లనో మాకు అది గట్ల. దేవతలకు కట్టుకునేటందుకు గుడ్డ లేకుండెనట. మార్కండేయుని హోమగుండంల నుంచి భావనారుషి పుట్టిండట. విష్ణుమూర్తి బొడ్డు కాడి తామర తూడు తెచ్చి, దాని పోగులు తీసి, దేవతలకు మొదటి గుడ్డ నేసిండట. నేను చిన్నప్పటి నుంచి ఇన్న కతే. గని ఆ రాత్రి మా అత్తమ్మ నా చెవుల ఒక మాట చెప్పింది. "చూసినవా, మొదటి పోగే మనది గాదు. ఆయన బొడ్డుల నుంచి వచ్చింది. మనం ఇటు నుంచి అటు ఏసుడే."

ఇనుడైతే ఇన్న. మనసుకు ఎక్కింది మాత్రం ఇంకో ఏడాదికి.

అప్పుడు నాకు మా ఆడిబిడ్డతోని గొడవైంది. దేనికంటే ఇప్పుడు సిగ్గయితది, రెండు గాజుల కాడ. మాట మాట పెరిగింది. నేను పోయి ఆసు మీద కూసున్న. చెయ్యి పోగేస్తున్నది, మనసు మాత్రం గొడవ ఏస్తున్నది. ఆమె గిట్లంటే నేను గిట్లనాల్సింది, నేను గట్లంటే ఆమె నోరు మూసుకునేది అని పొద్దుగూకేదాక లోపట కొట్లాడుకుంటనే పోసిన. మేకులు తప్పినయి. ఎన్ని తప్పినయో నాకే తెల్వది. చిటికి కట్టినంక గూడ తెల్వలే. మీ తాత మగ్గం మీద మూరెడు నేసినంక గుంటల నుంచి లేచి బయటికొచ్చి కూసున్నడు. ఆ చీరె ఇచ్చిన సావుకారి కూలి కోసిండు. ఆ నెల ఇంట్ల పప్పు లేదు.

నన్ను ఎవ్వలు ఒక్క మాట అనలే. అంటే బాగుండు అనిపించింది. మర్నాడు పొద్దుగాల అత్తమ్మ తన ఆసు తీసి గోడకు నిలవెట్టి, వచ్చి నా పక్కన కూసున్నది. నా చెయ్యి మీద చెయ్యేసి పోగు పట్టించింది.

"పోంగ రాముడు, రాంగ రాముడు. ఇంతే. ఈ పోగు అయిపోయినంక ఇంకో పోగు లేదు అనుకో. 18 వేలు అని కూసుంటే మనిషి చస్తది బిడ్డా. నేను ఏనాడూ 18 వేలు పొయ్యలే. ఒక్కటే పోసిన."

అప్పుడు తెలిసింది ఆమె లెక్క.

ఒక్క దినంల వచ్చింది గాదు నాయినా. పేరు నోట్లె ఉంటే మనసు బజార్ల తిరిగేది. మళ్ళ తెచ్చి మేకు కాడ పెట్టేది. మళ్ళ పోయేది. గని పోయిందని తెలుసుకునేటందుకు నాకు ఎదురుంగ మేకు ఉన్నది, అందుకే నీకంటే నాకు జర అల్కగ అయింది. నువ్వు ఉత్త గాలిల మనసును నిలవెడ్తనంటున్నవు, అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఏండ్లు గడిచినంక ఒకనాడు పోగు పోతున్నది, పేరు పోతున్నది, నడుమ నేను లేను. ఎంతసేపు అట్లున్ననో! బయట వాన పడి ఎలిసింది గూడ నాకు తెల్వలే. లేచి చూస్తే ఆరేసిన బట్టలన్ని తడిసినయి. ఆ సంతోషం మళ్ళ ఎన్నిసార్లు వచ్చిందంటే చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వచ్చిన కాడికి సాలు.

మా ఇంట్ల అమాస నాడు మగ్గం ముట్టకపోయేది. తానాలు చేసి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఊకుండేది. మీ తాత దినాం గుంటల కాళ్లు పెట్టేముందు మగ్గాన్ని తాకి కండ్లకద్దుకునేటోడు. నాడె కింద పడితే దండం పెట్టి తీసుకునేటోడు. యాదగిరిగుట్టకు ఏడాదికొక్కసారి పోయేటోళ్లం. ఆడ నర్సింహస్వామి ముంగట అత్తమ్మ చేతులు జోడించి నిలబడి ఊకెనే తిరిగి వచ్చేది. "ఏం మొక్కినవు అత్తమ్మా" అంటే, "ఏం మొక్కలే, ఒకపారి చూసొచ్చిన. దినాం నా దగ్గరికి ఆయనే వస్తడు గద" అనేది. 1951ల వినోబా మన ఊరికి నడిచి వచ్చిననాడు ఆమె చూసింది. భూమి లేనోళ్లు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తనన్న కత లోకమంత చెప్పుకుంటది. అత్తమ్మకు మాత్రం యాదికున్నది ఇంకోటి. ఆయన గూడ నూలు వడికేటోడు, నేసేటోడు అని ఎవలో చెప్పిన్రట. "అందుకే గంత దూరం నడిచిండు, ఒక్కొక్క అడుగే" అనేది.

ఇగ ఇది గూడ చెప్పాలె, లేకుంటే నా మాట సగం అబద్ధమైతది. పేరు తలిస్తే రెక్క నొప్పి పోలేదు. నొప్పి నొప్పే. అత్తమ్మ ముసలితనంల కుడి చెయ్యి తల మీదికి లేవకపోయేది, నేనే తల దువ్వేదాన్ని. ఈ బాధ దేవుడు పెట్టిండు, పడాలె అని ఎవలన్న అంటే నాకు కోపమొస్తది. ఆలేరు కాడ శారాజీపేటల చింతకింది మల్లేశం అనే పిల్లగాడు వాళ్లమ్మ లక్ష్మమ్మ రెక్కల నొప్పి చూడలేక ఏడేండ్లు తండ్లాడి 1999ల ఆసు మిషన్ చేసిండు. దానికి అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు. ఎన్ని పూజలు చేస్తే దానికి సమానమైతది చెప్పు? 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. నన్ను అడిగితే ఈ జిల్ల ఆడోళ్లందరు ఎప్పుడో ఇచ్చిన్రు.

మన ఇంటికి మిషన్ వచ్చిననాడు అత్తమ్మ లేదు. గంటన్నరల చీరెకు పోసింది. పొయ్యి మీద అన్నం పెట్టి కూర తరుగుతున్న, అది అయిపోయి ఆగింది. నేను మిషన్ పక్కన కూసొని ఏడ్చిన. మీ నాయిన బుగులు పడ్డడు, ఏమైందే అమ్మా అని. ఏం చెప్త? అత్తమ్మ చెయ్యి యాదికొచ్చింది.

తర్వాత కొన్ని దినాలు నాకు పిచ్చి లేసినట్టే ఉండె. చెయ్యి ఖాళీ. పేరు నోట్లెకు వస్తది, దాన్ని ఎక్కడ పెట్టాలెనో తెల్వది. మేకు లేదు గద. గుడిల కూసున్న, నిద్రొచ్చింది. భజనకు పోయిన, సప్పుడుల నేను తలిచే పేరు నాకే ఇనపడలే. ఒకనాడు బియ్యం ఏరుతున్న. రాయి తీసి పక్కకు ఏసిన. ఇంకో రాయి. అప్పుడు చూసుకున్న, పెదవులు కదులుతున్నయి. నేను మొదలువెట్టలే, అదే మొదలైంది. ఆ దినం నుంచి బియ్యం, గిన్నెలు, ముగ్గు చుక్కలు, మీ చిన్నప్పుడు మీకు జడలు, మీ తాత మంచంల పడ్డప్పుడు ఆయన కాళ్లు. మీ తాత పోయిన రాత్రి గూడ నీళ్లు పట్టిస్తుంటే ఒక్కొక్క చెంచకు ఒక్కొక్కటి. ఆ రాత్రి లెక్క గూడ ఒకటే.

నువ్వు కంప్యూటర్ ముంగట ఏం చేస్తవో నాకు తెల్వదు. అండ్ల మేకు ఎక్కడుంటదో నువ్వే చూసుకోవాలె.

ఇగ మొద్దు సగం కాలింది. ఓ పని చెయ్యి. మంటకు జర అవుతలికి జరుగు, ఇది పట్టు. పక్కింటి కోడలు నూలు చిలప చిక్కు పడ్డదని ఇచ్చిపోయింది, నా కండ్లకు ఆనుతలేదు. రెండు చేతులు ముంగటికి చాపు. ఇగో, గట్ల. నేను మెల్లగ చుట్టుకుంట, నువ్వు పోగు వచ్చిన దిక్కు చెయ్యి వంచు. గట్టిగ గుంజకు. ఆ... ఎంతయిందిరా?