వెట్టి నుండి స్వచ్ఛంద సేవ వరకు: రాజవొమ్మంగి మన్యం నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సేవా సంఘం అనగానే కంటి వైద్య శిబిరం, రక్తదానం, దుప్పట్ల పంపిణీ, బాట మరమ్మతుకు శ్రమదానం మొదలైనవి నేటి పాఠకునికి స్ఫురిస్తాయి. ఇటువంటి సంఘాల చరిత్రలు ఎక్కువగా స్థాపన తేదీతో, స్థాపకుల ఆశయాలతో ఆరంభమవుతాయి. సేవను అందుకొనే సమాజానికి అంతకుముందు కూలి లేని శ్రమతో ఎటువంటి అనుభవం ఉన్నదనే ప్రశ్న వాటిలో అరుదుగా కనిపిస్తుంది. తూర్పు కనుమల్లోని రాజవొమ్మంగి ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. కూలి లేకపోవడం వెట్టికీ సేవకూ సమానమైన లక్షణమే. ఆ రెంటినీ వేరుచేసేది చేసేవారి సమ్మతి, కాదనగల హక్కు అని ఇక్కడి చరిత్ర నిరూపిస్తున్నది.

పదాల చరిత్ర

'వెట్టి' పదానికి సంస్కృత 'విష్టి'తో సంబంధం చెబుతారు. కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించే పని అని దీని అర్థం. 'సేవ' భగవంతునికి, గురువుకు, ప్రభువుకు చేసే పరిచర్యగా మన సాహిత్యంలో స్థిరపడిన మాట. తెలియని సాటి మనుషులకు సంఘంగా ఏర్పడి చేసే పని అనే అర్థం దానికి ఆధునిక కాలంలో బలపడింది. 'శ్రమదానం' ఇంకా తరువాతిది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఆరంభించిన భూదానోద్యమ వాతావరణంలో ఇది ఊరూరా వ్యాపించింది. ఇక 'స్వచ్ఛందం' అంటే తన ఇష్టప్రకారం అని మాత్రమే అర్థం. భీష్ముని స్వచ్ఛంద మరణం మనకు తెలిసినదే. ఆ పదంలో సేవ లేదు, దానం లేదు, ఇచ్ఛ ఒక్కటే ఉన్నది. రాజవొమ్మంగి చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ ఇచ్ఛే కీలకం.

మన్యంలో శ్రమ స్వరూపం

పోడు కొట్టడం, ఇల్లు కప్పడం, పంట కోయడం వంటి పనుల్లో ఒకరికొకరు సాయపడటం కొండ సమాజాల్లో పాతకాలం నుండి ఉన్న పద్ధతి. ఈ రోజు నేను నీ చేనికి వస్తే, రేపు నీవు నా చేనికి వస్తావు. ఇందులో దాత, గ్రహీత అనే భేదం లేదు. బయటి నుండి వచ్చిన శ్రమ విధానం దీనికి పూర్తిగా భిన్నమైనది. అధికారులు పర్యటనకు వస్తే సామాను మోయడం, బాటలు వేయడం గిరిజనుల విధిగా మారాయి. అప్పు తీరేవరకు షావుకారుకు పనిచేసే గొత్తి పద్ధతి దీనికి తోడైంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును కట్టడి చేయడంతో సొంత చేనిలో స్వేచ్ఛగా శ్రమించే అవకాశం కూడా కుదించుకుపోయింది. 1858లోనే మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టాన్ని తెచ్చి, వరదలను అరికట్టే పనులకు మనుషులను బలవంతంగా రప్పించే అధికారం పొందింది. కొన్ని నీటిపారుదల పనుల్లో ఆచారంగా చేసే ఊరుమ్మడి శ్రమను కూడా ఆ చట్టం శిక్షతో అమలుచేయదగిన బాధ్యతగా మార్చింది. ఉమ్మడి శ్రమ ఎప్పుడు వెట్టిగా మారుతుందో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

1922 ఆగస్టు

నర్సీపట్నం, చింతపల్లి మధ్య రహదారి నిర్మాణంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత సరైన కూలి ఇవ్వకుండా పనిచేయించడం రంపా తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటిగా చరిత్రకారులు గుర్తించారు. అల్లూరి సీతారామరాజు తొలుత పోరాటానికి దిగలేదు. మద్యపానం మానమని, తగవులను కోర్టులకు తీసుకుపోక పంచాయతీల్లో తీర్చుకోమని మన్యంలో ప్రచారం చేశాడు. ఆయుధం పట్టింది ఆ తరువాతనే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై ఆయన దళం దాడిచేసింది. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను విడిపించింది. తుపాకుల కోసమే జరిగినట్లు కనిపించే ఈ దాడుల వెనుక, పని చేయించుకొని కూలి ఎగవేసిన పాలనపై ఆగ్రహం ఉన్నది. 1924 మే 7న రాజు మరణించాడు. వెట్టి జ్ఞాపకం మాత్రం మన్యంలో మిగిలింది.

ఇదే కాలంలో కోస్తాలో శ్రమకు మరొక రూపం కనిపిస్తుంది. 1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక పన్నును నిరాకరించి ఊరు విడిచి రామనగర్‌లో నివసించారు. వారికి నాయకత్వం వహించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఏర్పరచిన రామదండు తమంత తాము వచ్చి చేరిన సేవకుల దళం. ఇక్కడ కూడా కూలి లేదు. అయితే రామదండు సభ్యుడు తాను ఎందుకు శ్రమిస్తున్నాడో తానే నిర్ణయించుకొన్నాడు. చింతపల్లి బాటపై రాళ్లు మోసిన గిరిజనునికి ఆ నిర్ణయాధికారం లేదు.

సేవా సంఘాల రాక

1905లో రెండు సేవా ధోరణులు వేర్వేరు చోట్ల రూపుదిద్దుకొన్నాయి. ఆ ఫిబ్రవరిలో చికాగోలో రోటరీ క్లబ్బు, జూన్‌లో పుణేలో గోఖలే స్థాపించిన భారత సేవక సమాజం ఏర్పడ్డాయి. మొదటిది వృత్తి, వ్యాపారాల్లో స్థిరపడినవారు తీరిక వేళల్లో చేసే సేవకు, రెండవది జీవితాన్నే అంకితం చేసే సేవకు ప్రతినిధులు. లయన్స్ క్లబ్బులు 1917లో అమెరికాలో పుట్టి 1956లో మన దేశానికి వచ్చాయి. గోఖలే సంస్థ సభ్యుడైన ఠక్కర్ బాపా 1922లో గుజరాత్‌లో భిల్ సేవామండల్‌ను, 1948లో భారతీయ ఆదిమజాతి సేవక సంఘాన్ని స్థాపించాడు. రాజవొమ్మంగి పోలీసు స్టేషన్‌పై దాడి జరిగిన ఏడాదే భిల్లుల మధ్య సేవామండల్ ఏర్పడటం గమనించదగినది. గిరిజన సమస్యకు ఆనాడు దేశంలో వెలువడిన రెండు సమాధానాలివి.

స్వాతంత్ర్యానంతరం 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకం శ్రమదానాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా చేసింది. ప్రజల్లో సొంత చొరవను రేకెత్తించడంలో ఆ పథకం విఫలమైందని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం తేల్చింది. పైనుండి నిర్ణయమై వచ్చిన పనికి కింది నుండి ఉత్సాహం పుట్టదన్నదే ఆ పరిశీలన సారం. 1969 సెప్టెంబరు 24న గాంధీ శతజయంతి సందర్భంగా ప్రారంభమైన జాతీయ సేవా పథకం విశ్వవిద్యాలయ విద్యార్థులను ఈ సేవారంగంలోకి తెచ్చింది.

చట్టం చూపిన గీత

వెట్టికీ సేవకూ మధ్య గీత ఎక్కడ ఉన్నదో చట్టాలు క్రమంగా స్పష్టం చేశాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన నిర్బంధ శ్రమ ఒడంబడిక, శిక్ష భయంతో ఇష్టం లేకుండా చేసే పనిని నిషేధించింది. ఊరి ఉమ్మడి అవసరాల కోసం చేసే చిన్నపాటి పనులకు మినహాయింపునిస్తూ, ఆ పని అవసరమా కాదా అన్న విషయంలో ఊరివారిని లేదా వారి ప్రతినిధులను సంప్రదించాలని నియమం పెట్టింది. భారతదేశం 1954లో దీనిని ఆమోదించింది. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 చట్టం వెట్టిచాకిరీని రద్దుచేసింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో అభివృద్ధి పనులను పంచాయతీ అమలుచేసే ముందు గ్రామసభ ఆమోదం పొందాలని విధించింది. ఈ చట్టాలన్నింటిలోనూ కూలి కంటె సమ్మతి ప్రధానంగా కనిపిస్తుంది.

పెసా నియమం పంచాయతీకి వర్తించేదే తప్ప పట్టణం నుండి కొండకు వచ్చే సేవా క్లబ్బును నేరుగా బంధించదు. అయినా అందులోని నీతి క్లబ్బుకూ వర్తిస్తుంది. బాట ఎక్కడ వేయాలో, శిబిరం ఏ రోజు పెట్టాలో, ఏ సాయం అక్కరలేదో ఊరు చెప్పిన తరువాత జరిగే పని స్వచ్ఛందం. ఊరు జనాన్ని పోగుచేసి, అతిథుల కోసం వేచి ఉండి, ఫొటోకు నిలబడటంతో ముగిసేది మంచి ఉద్దేశంతో చేసినదైనా ఊరివారికి ఒక రోజు కూలి పోగొట్టేదే.

ముగింపు

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు రాజవొమ్మంగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. రహదారి పనిలో కూలి ఎగవేసిన పాలనను ఎదిరించినవాని పేరు పాలనా విభాగానికే పెట్టడం చరిత్ర గతిలోని మార్పును సూచిస్తుంది. ఆ పేరును గౌరవించడం అంటే ఈ నేలపై కూలి లేని శ్రమను అడిగే ప్రతివారూ, అది ప్రభుత్వమైనా సేవా సంఘమైనా, ముందుగా ఊరిని అడగడమే. ఊరు వద్దంటే ఆగడం కూడా అందులో భాగమే. వద్దనగల చోటనే సేవకు స్వచ్ఛందమనే విశేషణం తగును.