సభలో ఎదురుమాట: బెజవాడ, మహద్, లాహోర్

వర్గీకరణ మీద పెట్టిన ఏ సభకైనా వెళ్లి చూడండి. 1994లో దండోరా మోగింది మొదలు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, ముప్పయ్యేళ్లు మనం ఎక్కువగా ఎవరి పందిట్లో వాళ్లం కూచొనే మాట్లాడుకున్నాం. అవతలి పందిరి మనిషి ఒక్కడు లేచి ప్రశ్న వేస్తే వలంటీర్లు చుట్టుముట్టటమే. నేనున్న ఒక సభలో డిగ్రీ చదివే పిల్లవాడు వేదిక మీదికి చీటీ పంపించాడు. అధ్యక్షుడు దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందులో ఏం రాసుందో ఇప్పటికీ నాకు తెలవదు.

దీని మీద రెండు మాటలు వినపడుతుంటాయి. వాళ్లకు సభ నడుపుకోవటం కూడా రాదని అగ్రకుల మేధావులు నవ్వుతారు. అందర్నీ మాట్లాడనిస్తే ఐక్యత చెడుతుందని మన నాయకులు సాకు చెబుతారు. రెండూ చరిత్ర తెలవని మాటలే. ఎదురుమాటను సభలోనే పెట్టుకొని, సభలోనే తేల్చుకున్న అనుభవం మనకుంది.

1917 నవంబర్‌లో బెజవాడలో జరిగిన సభ సంగతే తీసుకోండి. దాన్ని ఏర్పాటు చేసినవాళ్లలో గూడూరు రామచంద్రరావు లాంటి అగ్రకుల సంస్కర్తలున్నారు. పిలిచింది 'పంచమ మహాజన సభ' అని. అధ్యక్షత వహించటానికి హైదరాబాద్ నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరు మీదనే అభ్యంతరం చెప్పారు. పంచములనే మాట పురాణాల్లో ఎక్కడా లేదు, ఈ దేశపు మొదటి మనుషులం మనమే అని వాదించారు. పిలిచినవాళ్లు పెట్టిన పేరును పిలిపించుకున్నవాడు కాదనటం మర్యాద కాదని ఎవరైనా అనుకున్నారేమో గానీ, పేరు మాత్రం మారింది. అది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. అంటరానివాళ్లు ఎక్కడ లోపలికొస్తారోనన్న భయంతో సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. 1922కల్లా మద్రాసు ప్రభుత్వం సైతం తన కాగితాల్లో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయాల్సొచ్చింది.

బెజవాడలో తేల్చుకోవాల్సింది పేరు. పదేళ్ల తర్వాత మహద్‌లో తేల్చుకోవాల్సింది అంతకంటే బరువైంది: జైలుకు పోవటమా, ఆగటమా?

మహద్ అంటే మనకు రెండే గుర్తు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వెంట జనం చౌదార్ చెరువుకు నడిచి నీళ్లు తాగటం ఒకటి, డిసెంబర్ 25 రాత్రి మనుస్మృతిని తగలబెట్టటం రెండోది. తగలబెట్టిన మరుసటి రోజు ఏం జరిగిందో మన ఉపన్యాసకులు చెప్పరు. చప్పట్లు పడే ఘట్టం కాదు గదా!

మార్చిలో నీళ్లు తాగినందుకు ఊరి సవర్ణులు మనవాళ్లను కర్రలతో కొట్టారు. చెరువులో ఆవు పేడా మూత్రమూ కలిపి 'శుద్ధి' చేసుకున్నారు. చెరువును అందరికీ తెరుస్తూ 1924లో తానే చేసిన తీర్మానాన్ని మున్సిపాలిటీ ఆగస్టులో రద్దు చేసుకుంది. అందుకని డిసెంబర్‌లో మళ్లీ వెళ్లి తాగాలని సత్యాగ్రహం ప్రకటించారు. బ్రాహ్మణులెవర్నీ రానివ్వకుంటేనే మద్దతిస్తామని బ్రాహ్మణేతర నాయకులు జెధే, జవల్కర్ షరతు పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. మన పోరు బ్రాహ్మణత్వంతో గానీ మనుషుల పుట్టుకతో కాదన్నారు. మనుస్మృతిని కాల్చాలనే తీర్మానం ప్రతిపాదించిన సహస్రబుద్ధే పుట్టుకతో బ్రాహ్మణుడే. సభకు స్థలం ఇవ్వటానికి ఊళ్లో ఏ హిందువూ ముందుకు రాకపోతే ఫత్తేఖాన్ అనే ముస్లిం తన జాగా ఇచ్చాడు.

ఈలోగా సవర్ణులు కోర్టుకెక్కారు. చెరువు మున్సిపాలిటీది కాదు, తమ సొంతమన్నారు. డిసెంబర్ 14న తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తెచ్చుకున్నారు. అంటే జనం మహద్ చేరేటప్పటికి చెరువుకు, వాళ్లకు మధ్య కోర్టు కాగితం అడ్డంగా ఉంది.

26న పందిట్లో ఇదే చర్చ. జైలుకైనా సరే, పోయి తాగాల్సిందేనని కొందరు. కోర్టు తేల్చేదాకా ఆగుదామని కొందరు. ఇరువైపులవాళ్లూ లేచి మాట్లాడారు. జనం ఊపు మొదటివాళ్ల వైపే ఉంది. జైలుకు సిద్ధమని వేలమంది పేర్లు రాయించుకున్నారు. అట్లాంటి వేడి మీదున్న సభకు జిల్లా కలెక్టర్ వచ్చాడు. మార్చిలో మన తలలు పగిలినప్పుడు కాపాడలేకపోయిన సర్కారు మనిషి! వెనక్కి పంపించినా అడిగేవాడు లేడు. ఆయన్ను మాట్లాడనిచ్చారు. కోర్టు ఉత్తర్వును మీరొద్దు, హక్కు ఉంటే కోర్టులోనే తేల్చుకోండి అని ఆయన చెప్పింది సభ మొత్తం విన్నది. విన్నది గానీ అక్కడికక్కడ తలూపలేదు. నిర్ణయం మర్నాటికి పోయింది.

27న సత్యాగ్రహాన్ని వాయిదా వేయాలనే తీర్మానాన్ని అంబేద్కరే స్వయంగా పెట్టారు. రమ్మని పిలిచింది ఆయన. కూలి మానుకొని, రొట్టెలు మూట కట్టుకొని జనం వచ్చింది ఆయన మాట మీద. ఇప్పుడు ఆగమనటానికి ఎంత గుండె కావాలో సభలు నడిపినవాళ్లకు తెలుసు. మన తగాదా సవర్ణులతో, ఉత్తర్వును మీరితే సర్కారును కూడా వాళ్ల పక్కకు నెట్టినట్టవుతుంది, ఒకేసారి రెండు పోరాటాలు చెయ్యలేం అన్నది ఆయన వాదన. సభ ఒప్పుకుంది. తర్వాత అందరూ ఊరేగింపుగా వెళ్లి చెరువు చుట్టూ తిరిగొచ్చారు. ఎవరూ నీళ్లు ముట్టలేదు.

ఆ నిర్ణయం సరైందేనా? నాకిప్పటికీ ఎటూ తేలదు. బొంబాయి హైకోర్టులో మనవాళ్ల పక్షాన తీర్పు వచ్చింది 1937 మార్చి 17న. తొమ్మిదేళ్లు దాటిన దాహాన్ని లెక్కలో వేసుకోకుండా వాయిదాను మెచ్చుకోవటం, కడుపు నిండినవాడు ఉపవాసాన్ని మెచ్చుకున్నట్టుంటుంది. అయితే నిర్ణయం తప్పొప్పులు వేరు, దాన్ని తీసుకున్న పద్ధతి వేరు. జనం మాట్లాడాక, సర్కారు మాట్లాడాక, నాయకుడు అందరి ముందూ తన కారణాలు చెప్పి తీర్మానం పెట్టాడు. తెరచాటున తేల్చుకొని వేదిక మీద ప్రకటించలేదు.

వేదిక ఇతరుల చేతిలో ఉంటే ఏమవుతుందో లాహోర్ చూపించింది. కులాన్ని తెంచుతామనే జాత్-పాత్ తోడక్ మండల్‌వాళ్లు తమ 1936 వార్షిక సభకు అధ్యక్షత వహించమని అంబేద్కర్‌ను పిలిచారు. వాళ్లంతా హిందూ సంస్కర్తలే. ఉపన్యాసం అచ్చుప్రతి చూశాక గుండెలు జారాయి. వేదాలూ శాస్త్రాల జోలికి పోయిన భాగాలు తీసేయమన్నారు. కామా కూడా మార్చనన్నారు ఆయన. సభనే రద్దు చేశారు. కులం పోవాలనేవాళ్లే, ఎట్లా పోతుందో చెప్పబోతే చెవులు మూసుకున్నారు.

సొంత ఖర్చుతో వేయించిన పదిహేను వందల ప్రతులను ఆయన 1936 మేలో పుస్తకంగా విడుదల చేశారు. అదే 'కుల నిర్మూలన'. మండల్‌వాళ్లతో నడిచిన ఉత్తరాలను కూడా ముందు పేజీల్లోనే అచ్చువేశారు, వాళ్ల వాదన వాళ్ల మాటల్లోనే ఉండేట్టు. గాంధీ జూలైలో 'హరిజన్' పత్రికలో దీని మీద రాశారు. జనానికి ఆ ఉపన్యాసం వినే అవకాశం లేకుండా చేశారని ఆహ్వాన సంఘాన్ని తప్పుబట్టారు. ఎనిమిదణాల ధర ఎక్కువన్నారు. అసలు వాదాన్ని మాత్రం ఒప్పుకోలేదు. 1937లో రెండో ముద్రణ తెచ్చినప్పుడు అంబేద్కర్ గాంధీ విమర్శను అదే పుస్తకంలో చేర్చి, దాని పక్కనే తన జవాబు వేశారు.