ఉమ్లౌట్: రాలిపోయిన అచ్చు, మిగిలిన గుర్తు

జర్మన్ అక్షరాలపై రెండు చుక్కలు మీరు చూసే ఉంటారు. ఆ చుక్కలే ఉమ్లౌట్ అనుకోవడం పరిపాటి. నిజానికి ఉమ్లౌట్ మొదట ఒక ధ్వని మార్పు. చుక్కలు దానికి ఆలస్యంగా వచ్చిన రాత గుర్తు. ఈ మాటను భాషాశాస్త్రంలో స్థిరపరచినవాడు యాకబ్ గ్రిమ్. అతని 'జర్మన్ వ్యాకరణం' మొదటి సంపుటం 1819లో వెలువడింది. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులలో పెద్దవాడు ఇతడే.

మార్పు ఎలా జరిగిందో చూడండి. ప్రాచీన జర్మన్‌లో 'గస్ట్' అంటే అతిథి. బహువచనం తొలిదశలో 'గస్టి'. చివరి ఇకారం పలకడానికి నాలుక ముందుకు, పైకి జరగాలి. ఆ సన్నాహం ముందున్న అకారం దగ్గరే మొదలై 'గెస్టి' అయింది. ఇటువంటిది మనకూ ఉంది. 'పులి'కి 'లు' చేరితే 'పులులు' అవుతుంది. తరువాతి ఉకారం ముందున్న ఇకారాన్ని తనలా మార్చుకుంది. అయితే తెలుగులో ఆ ఉకారం నేటికీ వినిపిస్తుంది. జర్మన్‌లో చివరి ఇకారం బలహీనపడింది. ఇంగ్లీషులో అయితే చాలా మాటల్లో పూర్తిగా రాలిపోయింది. బహువచనం తెలిపే భారం లోపలి అచ్చు మీద పడింది. 'ఫుట్-ఫీట్', 'గూస్-గీస్', 'మౌస్-మైస్' ఇలా ఏర్పడినవే. నియమం లేనివని బడిలో బట్టీపట్టించే ఈ రూపాలకు ఒకప్పుడు కచ్చితమైన నియమమే ఉంది. ప్రాచీన ఇంగ్లీషులో పుస్తకం 'బోక్', పుస్తకాలు 'బేచ్'. తరువాత 'బుక్స్' దానిని తోసేసింది. జర్మన్‌లో ఇందుకు విరుద్ధంగా జరిగింది: బహువచనంలో ఇకారం ఎన్నడూ లేని 'బౌమ్' (చెట్టు) కూడా తోటి మాటలను అనుసరించి 'బొయ్మె' అయింది.

ఇక చుక్కల సంగతి. మారిన అచ్చును చూపడానికి పూర్వపు లేఖకులు అక్షరంపై రోమన్ లిపిలోని ఎకారాన్ని చిన్నదిగా రాసేవారు. జర్మన్ చేతిరాతలో ఆ ఎకారం రెండు నిలువు గీతల్లా ఉండేది. గీతలు కుదించుకుపోయి చుక్కలయ్యాయి. (ఫ్రెంచ్‌లోని చుక్కలు వేరు, అవి పక్కపక్కనున్న అచ్చులను విడదీసి పలకమంటాయి.) ఇవి అలంకారం కావు. 'షోన్' అంటే 'ఇప్పటికే'. అందులోని ఓకారంపై చుక్కలు పెడితే 'అందమైన' అని అర్థం. చుక్కలు లేని టైపు యంత్రం మీద జర్మన్లు అక్షరం పక్కన ఎకారం చేర్చి రాస్తారు. వారి పాస్‌పోర్టులో యంత్రం చదివే వరుసలోనూ అంతే. ఒకనాడు అక్షరం నెత్తికెక్కిన ఎకారం అక్కడ మళ్ళీ పక్కకు దిగుతుంది.