డెబ్బై గేట్ల కొలువు

ఆ కుంపట్లో బొగ్గులు కాస్త ఎగదొయ్యి నాయనా. ఆ ఫోను కూడా పక్కన పెట్టు. మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టమంటే, నొక్కడానికి నాకు మీటలేం లేవు.

బొమ్మల కొలువంటే మీకిప్పుడు కొట్టుకెళ్ళి సెట్టు కొనుక్కొచ్చి మెట్ల మీద సర్దెయ్యడమే. మా చిన్నతనంలో బెజవాడలో సంక్రాంతి కొలువంటే ఇల్లు కట్టినంత పని. ఏడాదికి ఒక్కటే కొత్త బొమ్మ, అది మా అమ్మ శాసనం. మిగతా ఊరంతా పిల్లలమే కట్టాలి. మెట్లకేమో అడుగున ట్రంకుపెట్టెలు, కిరసనాయిలు డబ్బాలు, పైన నాన్న ఉతికిన పంచె. పండక్కి ముందే పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లితే భోగినాటికి పచ్చటి పొలం తయారు. అద్దం ముక్క చెరువు, దాని అంచు కనపడకుండా చుట్టూ ఇసుక. చీపురుపుల్లల దడి. ఆ ఊళ్ళో కాపురం ఉండే జనం మాత్రం కొండపల్లి నుంచి రావాలి: తాడిచెట్టెక్కే కల్లుగీసేవాడు, తిరగలి విసిరే ఇల్లాలు, ఎడ్లబండి తోలే ఆసామి.

కొండపల్లి ఎంత దూరమని? పాసింజరెక్కితే ఇంకా వేడివేడిగా ఉన్న ఇడ్లీలు తినేలోపు దిగొచ్చు. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళు ఆర్యక్షత్రియులు. పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని వాళ్ళు చెప్పుకుంటారు. వీధి అరుగుల మీదే పని. ఆ కొండల్లో పెరిగే తెల్లపొణికి కర్ర తెచ్చి, సన్నటి సెగ మీద నెమ్మదిగా కాచి లోపలి చెమ్మంతా లాగేస్తారు. అప్పుడది బెండులా తేలికవుతుంది. బొమ్మంతా ఒకే దుంగలో చెక్కరురా. ఒళ్ళు వేరు, చేతులు వేరు, నెత్తిమీది బుట్ట వేరు. చింతగింజల ముద్దలో రంపంపొట్టు కలిపి మక్కు చేస్తారు, దాంతో అతుకుతారు. ముక్కు, చీర కుచ్చిళ్ళు, తలపాగా మెలికలు అన్నీ ఆ మక్కుతో దిద్దేవే. ఆరాక ఆకురాయితో రాసి, తెల్లసున్నం పూసి, ఆ తరవాతే రంగు. కుంచె మేకవెంట్రుకలది.

మా పెద్దన్నయ్య అక్కడికెళితే కదిలేవాడు కాదు. ఒక ముసలాయన అంబారీ ఏనుగు చేస్తున్నాడు. కాళ్ళ సందున, పొట్టకింద, ఎవడూ తొంగిచూడని చోట ఆకురాయి పెట్టి రాస్తూనే ఉన్నాడు. "అక్కడెవరు చూస్తారు తాతా?" అన్నాడు వీడు. "చూడరయ్యా. అతుకు నునుపు కాకపోతే రంగు ముందు పగిలేది అక్కడే" అన్నాడాయన, తలెత్తకుండానే. పైన పటారం, లోన లొటారం పనులు ఆ అరుగు మీద సాగవు మరి.

ఇక బేరం సంగతి. 1957 ఏప్రిల్లో నయాపైసలొచ్చాయి. అప్పటిదాకా అణాలు, బేడలు, పావలాలు చక్కగా నడిచేవి. ఆరణాల బొమ్మకి ఎన్ని పైసలివ్వాలి? లెక్క కడితే ముప్ఫై ఏడున్నర. అర పైస నాణెం లేదు. వాళ్ళు ముప్ఫై ఎనిమిదంటారు, మా అమ్మ ముప్ఫై ఏడంటుంది. ఆ ఒక్క పైస కోసం రైలు తప్పిపోయేంత చర్చ. చివరికి మా అమ్మే గెలిచింది. గెలిచిన సంబరంలో పక్కనున్న పావలా బొమ్మ కూడా కొనేసింది! శాసనం సంగతి మేమెవరం గుర్తుచెయ్యలేదు. ఎక్కడున్నాం? ఆఁ, పెద్దన్నయ్య.

ఆ ఏడే డిసెంబరులో ప్రకాశం బ్యారేజీ తెరిచారు. దొరల కాలంలో, 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే దాని బదులు కట్టింది. ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. మావాడు చూసి ఊరుకోలేదు. ఈసారి కొలువులో కృష్ణ మీద బ్యారేజీ కడతానన్నాడు. మంచిదే, కట్టుకో అన్నారు. అసలుదానికి డెబ్బై గేట్లు, నేనూ డెబ్బై పెడతానన్నాడు. అదీ తంటా! పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, కనపడ్డ కార్డుముక్కల్లా కత్తిరించడం మొదలుపెట్టాడు. నాన్న దాచుకున్న పెళ్ళిపత్రికలు కూడా ఆ కత్తెరకి బలయ్యాయి. గేటు పైకెత్తితే పైకి పోవాలి, వదిలితే జారాలి. ఒకటి బిగిసిందంటే మొత్తం ఊడదీసేవాడు. భోజనానికి పిలిస్తే "వస్తున్నా" అనేవాడు, అన్నం చల్లారేది.

చివరికి చూస్తే మెట్టు చాలదు. అమ్మ అంది, "ఒరేయ్, ముందు పదిహేను పెట్టు. మిగతావి అరటిబోదె వెనక్కి పోయాయని చెబుదాం. పేరంటాళ్ళు గేట్లు లెక్కపెడతారా?" వాడు ఒప్పుకుంటాడా! వీధి తలుపు రెక్క ఊడదీసుకొచ్చి మెట్టుకు కలిపాడు. ఆ మూడు రాత్రులూ మా ఇంటికి తలుపు లేదు. కుక్క రాకుండా నాన్న గడపకడ్డంగా నులకమంచం వేసుకుని, రగ్గు ముసుగెట్టి దగ్గుతూ పడుకున్నాడు.

పండగ సాయంత్రం పేరంటాళ్ళొచ్చారు. పసుపు, కుంకుమ, తాంబూలం, కొంగులో శనగలు. అందరూ అంబారీ ఏనుగునే మెచ్చుకున్నారు. బ్యారేజీ చూసి "ఇదేమిటమ్మా, నిచ్చెన పడుకోబెట్టారు?" అని ఒకావిడంటే అన్నయ్య మొహం చూడాలి! పక్కవీధి సుబ్బమ్మత్తయ్య ఒక్కతీ వంగి, వేలితో వరసగా లెక్కపెట్టింది. పెట్టి, "అరవై తొమ్మిదే ఉన్నాయే అబ్బాయ్" అనేసి శనగలు మూటకట్టుకుని వెళ్ళిపోయింది.

వాడు ఆ రాత్రి దీపం పెట్టుకుని ఈ చివర్నించి ఆ చివరికి, ఆ చివర్నించి ఈ చివరికి లెక్కపెట్టాడు. డెబ్బయ్యే. మర్నాడు కనుమ, పొద్దున్నే వెళ్ళి ఆవిణ్ణి మళ్ళీ పేరంటానికి పిలిచాడు. ఆవిడ రానంటుందా? వచ్చింది, రెండోసారి శనగలూ పుచ్చుకుంది, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానయ్యా" అంది.